ఐఈఎల్‌టీఎస్ స్కోరు 6 దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్ళ ఇంగ్లిష్ చెప్పే సంగతులు

లిజనింగ్‌లో 6.5, రీడింగ్‌లో 6.5, రైటింగ్‌లో 5.5, స్పీకింగ్‌లో 6. ఈ నాలుగింటినీ కూడి నాలుగుతో భాగిస్తే 6.125 వస్తుంది. ఐఈఎల్‌టీఎస్ లెక్కలో అది 6 మాత్రమే. లిజనింగ్‌లో ఇంకో అర బ్యాండ్ వచ్చి ఉంటే సగటు 6.25 అయ్యేది, ఫలితాల పత్రం మీద 6.5 అని పడేది. సగటు చివర .25 వస్తే పైనున్న అర బ్యాండ్‌కి, .75 వస్తే పైనున్న పూర్తి బ్యాండ్‌కి జరుపుతారు. అంతకు పిసరంత తగ్గినా కిందికే.

ఆ 6.5 చేతికొచ్చినా పని అయిపోతుందని లేదు. బ్రిటన్‌లో చాలా మాస్టర్స్ కోర్సులు మొత్తం మీద 6.5 అడుగుతూనే, ఏ ఒక్క విభాగంలోనూ 6కి తగ్గకూడదని షరతు పెడతాయి. పై అభ్యర్థికి రైటింగ్‌లో 5.5 ఉంది. అంటే సగటు పెరగడానికి దగ్గరి దారి లిజనింగ్ అయితే, సీటు రావడానికి దాటాల్సిన గడప రైటింగ్. ఈ తేడా చూసుకోకుండా అన్నిటికీ కలిపి మళ్ళీ కోచింగ్‌లో చేరి, పదిహేను వేలకు పైగా ఉండే ఫీజు మళ్ళీ కట్టి, మళ్ళీ అదే స్కోరు తెచ్చుకునేవారు తక్కువేమీ కాదు. హైదరాబాద్, విజయవాడల్లో ఎంత నిజమో, తెలుగు రాష్ట్రాలకు చాలా దూరంలో ఉన్న జంషెడ్‌పూర్‌లోనూ ఇది అంతే నిజం.

జంషెడ్‌పూర్ పేరెత్తడానికి కారణం ఉంది. టాటా ఉక్కు కర్మాగారంలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన కుటుంబాలు అక్కడ మూడు నాలుగు తరాలుగా ఉంటున్నాయి. కద్మా, సోనారి, బిష్టుపూర్ వైపు తెలుగు మాట వినపడటం వింతేమీ కాదు. బిష్టుపూర్‌లోని రామమందిరం తెలుగువాళ్ళదే. ఆ ఇళ్ళలో పిల్లలు పెరిగేది మూడు భాషల మధ్య. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లిష్. తెలుగు ధారాళంగా మాట్లాడుతూ చదవడం మాత్రం రాని యువత అక్కడ చాలామందే కనిపిస్తారు. తాత, తండ్రి కంపెనీ గేటు దాటి డ్యూటీకి వెళ్ళిన ఇంటి నుంచి ఇప్పుడు మనవలు కెనడాకో, బ్రిటన్‌కో, ఆస్ట్రేలియాకో దరఖాస్తు పెడుతున్నారు. చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్ మీడియం చదువే కాబట్టి పరీక్ష తేలిక అనుకుంటారు. స్కోరు 6, 6.5 దగ్గర ఆగినప్పుడు ఎక్కడ దెబ్బ తిన్నామో అర్థం కాదు.

దెబ్బ రెండు చోట్ల తగలవచ్చు. ఒకటి, పరీక్ష తీరు తెలియకపోవడం. ప్రశ్న ఏం అడుగుతోంది, మార్కు దేనికి ఇస్తారు, సమయం ఎలా పంచుకోవాలి అన్నవి దీనికిందికి వస్తాయి. ఇది రెండు మూడు వారాల్లో సరిచేసుకోగలిగిన లోటు. రెండోది, భాషలోనే ఉన్న లోటు. దానికి నెలలు పడుతుంది. మొదటి రకం లోటున్నవాడు ఆరు నెలల కోర్సులో చేరినా, రెండో రకం లోటున్నవాడు 15 రోజుల క్రాష్ కోర్సులో చేరినా పోయేది డబ్బే.

భాషకు ఎంత సమయం పడుతుందన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. యూరప్ భాషా ప్రమాణాల్లో బీ2 స్థాయికి చేరడానికి మొదటి నుంచి లెక్కేస్తే 500 నుంచి 600 గంటల బోధన, సీ1 స్థాయికి 700 నుంచి 800 గంటలు కావాలని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా. ఐఈఎల్‌టీఎస్‌లో 5.5 నుంచి 6.5 వరకు బీ2 కిందికి, 7 నుంచి 8 వరకు సీ1 కిందికి వస్తాయి. అంటే ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి సుమారు 200 గంటలు. రోజుకు రెండు గంటలు తప్పకుండా కూర్చుంటే మూడు నెలల పైమాటే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కాలేజీల్లో 10 నుంచి 12 వారాలు ఇంగ్లిష్ నేర్చుకున్న విదేశీ విద్యార్థుల మీద జరిపి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, సగటున పెరిగింది అర బ్యాండ్ మాత్రమేనని తేలింది. వాళ్ళు ఇంగ్లిష్ మాట్లాడే దేశంలో ఉంటూ చదివినవాళ్ళు. ‘21 రోజుల్లో 7 గ్యారంటీ’ అన్న గోడపత్రికను ఈ లెక్క పక్కన పెట్టి చదువుకోవాలి.

కాబట్టి మొదటి పని కోచింగ్ కాదు. కేంబ్రిడ్జ్ వారు పాత ప్రశ్నపత్రాలతో వేసే పుస్తకాల్లో ఒక పూర్తి పరీక్షను గడియారం పెట్టుకుని, మధ్యలో లేవకుండా రాయడం. ఆ తర్వాత తప్పుల్ని రెండు కుప్పలుగా వేయడం. ‘ప్రశ్న సరిగ్గా చూసుకుని ఉంటే వచ్చేది’ అన్నవి ఒక కుప్ప. ‘ఎంతసేపు ఇచ్చినా వచ్చేది కాదు’ అన్నవి రెండో కుప్ప. ఏ కుప్ప పెద్దదో చూస్తే కావలసింది వారాలా నెలలా అన్నది తెలుస్తుంది.

లిజనింగ్, రీడింగ్: పాత పరీక్షల అలవాట్లు

ఈ రెండు విభాగాల్లోనూ 40 ప్రశ్నలే. లిజనింగ్‌లో సుమారుగా 23 సరైన జవాబులకు 6, 30కి 7, 35కి 8 వస్తుంది. అకడమిక్ రీడింగ్‌లోనూ 23కి 6, 30కి 7 అన్నదే కొలత. ప్రశ్నపత్రాన్ని బట్టి ఒకటి అర అటూ ఇటూ అవుతుంది. 6 నుంచి 7కి దూరం ఏడు జవాబులే అన్నమాట. వలస దరఖాస్తులకు రాసే జనరల్ ట్రైనింగ్ రీడింగ్‌లో పాఠాలు తేలిక కాబట్టి కొలత బిగువు. అక్కడ 6 రావడానికే 30 సరిగ్గా ఉండాలి.

జంషెడ్‌పూర్ పిల్లలు వెంట తెచ్చుకునే ఒక అలవాటు ఇక్కడ నష్టం చేస్తుంది. ఆ ఊళ్ళోని ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ నిర్వహించే క్సాట్ పరీక్షలో తప్పు జవాబుకు పావు మార్కు కోత. జేఈఈ మెయిన్‌లో ఒక మార్కు కోత. ఏళ్ళ తరబడి ఇలాంటి పరీక్షలు రాసిన చెయ్యి, అనుమానం రాగానే ప్రశ్న వదిలేస్తుంది. ఐఈఎల్‌టీఎస్‌లో తప్పుకు కోత లేదు. ఖాళీ వదిలిన ప్రతి గడీ ఊరికే పారేసుకున్న అవకాశం. చివరి నిమిషంలో ఖాళీలన్నిటిలో ఏదో ఒకటి నింపడం కొందరికి మోసంలా అనిపిస్తుంది, కానీ ఈ పరీక్షలో అది మామూలు విషయం.

లిజనింగ్‌లో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. మొదటి భాగంలో పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు, తేదీలు. ఇది అన్నిటికంటే తేలిక భాగం, మార్కులు అన్యాయంగా పోయేదీ ఇక్కడే. సున్నాను ‘ఓ’ అంటారు. 13కీ 30కీ తేడా ఊనికలోనే తెలుస్తుంది. మనం లక్షల్లో ఆలోచిస్తాం, అక్కడ ‘టూ హండ్రెడ్ థౌజండ్’ అంటే రెండు లక్షలని తట్టేలోపు తర్వాతి జవాబు దాటిపోతుంది. స్పెల్లింగ్ తప్పితే జవాబు తప్పే. ‘రెండు పదాలకు మించకూడదు’ అన్నచోట మూడు రాస్తే, విన్నది అక్షరాలా సరిగ్గా ఉన్నా మార్కు రాదు. గొంతులు బ్రిటిష్, ఆస్ట్రేలియన్, న్యూజిలాండ్, ఉత్తర అమెరికా యాసల్లో ఉంటాయి. సినిమాలు చూడమని అందరూ సలహా ఇస్తారు గానీ కింద అక్షరాలు పడుతుంటే జరిగేది చదవడం, వినడం కాదు. అంతకంటే రెండు నిమిషాల ఆడియో తీసుకుని, ఆపుతూ వింటూ, ప్రతి మాటా కాగితం మీద పెట్టి, తర్వాత అసలు పాఠంతో పోల్చుకోవడం మేలు. విసుగు పుట్టించే పనే. కానీ చెవి ఏ మాటల్ని మింగేస్తోందో దాంతో బయటపడుతుంది.

రీడింగ్‌లో అకడమిక్ వాళ్ళకు మూడు పాఠాలు, కలిపి 2,150 నుంచి 2,750 పదాలు, గంట సమయం. జవాబులు ఎక్కించుకోవడానికి విడిగా సమయం ఉండదు. అందరినీ తికమక పెట్టేది ‘ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్’ రకం ప్రశ్న. జంషెడ్‌పూర్ కథతోనే దీన్ని చూడొచ్చు. పాఠంలో ఇలా ఉందనుకుందాం: ‘సాక్చి గ్రామం దగ్గర 1908లో నిర్మాణం మొదలైంది. 1912లో తొలి ఉక్కు తయారైంది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు.’ ఇప్పుడు మూడు వాక్యాలు ఇస్తారు. ఉక్కు తయారీ మొదలయ్యాక ఊరి పేరు మారింది: ఇది ట్రూ. ఊరి పేరు మారిన ఏడాదే తొలి ఉక్కు వచ్చింది: పాఠం దీన్ని కాదంటోంది, కాబట్టి ఫాల్స్. కొత్త పేరును ఊరివాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు: పాఠంలో ఔననీ లేదు, కాదనీ లేదు, కాబట్టి నాట్ గివెన్.

జంషెడ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాడు మూడో వాక్యానికి ట్రూ పెట్టే ప్రమాదం ఎక్కువ. ఊరి చరిత్ర తనకు తెలుసు, పేరంటే అభిమానం. పరీక్షకు ఆ తెలివితో పనిలేదు, పాఠం ఏం చెప్పిందన్నదే కావాలి. ఫాల్స్ అనాలంటే పాఠంలో దానికి ఎదురు నిలిచే వాక్యం మీద వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే అది నాట్ గివెన్.

రైటింగ్: ‘విత్ డ్యూ రెస్పెక్ట్’ ఇంగ్లిష్

చాలామంది ఆగిపోయేది ఇక్కడే కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ సేపు నిలబడాలి. గంటలో రెండు పనులు. మొదటిది కనీసం 150 పదాలు, రెండోది కనీసం 250 పదాలు. రెండోదానికి మొదటిదానికంటే రెట్టింపు విలువ. అయినా మొదటిది ముందు కనిపిస్తుంది కాబట్టి దాని మీదే అరగంట పైగా ఖర్చుచేసి, వ్యాసం చివర్లో పరుగులు పెడతారు. మొదటిదానికి 20 నిమిషాలు, రెండోదానికి 40 అన్న సూచన ప్రశ్నపత్రంలోనే ఉంటుంది.

మార్కులు నాలుగు గాటన కట్టి ఇస్తారు: అడిగినదానికి జవాబు చెప్పారా, ఆలోచన ఒక వరసలో సాగిందా, పదసంపద ఎంత, వ్యాకరణం ఎంత విస్తృతంగా, ఎంత సరిగ్గా ఉంది. నాలుగింటికీ సమాన విలువ. ఏ బ్యాండ్‌కి ఏం ఉండాలో చెప్పే పట్టికను ఐఈఎల్‌టీఎస్ వారే ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. కోచింగ్ నోట్సులు వందల పేజీలు చదివినవాళ్ళు కూడా ఈ రెండు మూడు పేజీలు చూడకుండానే పరీక్షకు వెళ్ళడం ఆశ్చర్యం. ఆ పట్టికలో ఒక్క ఉదాహరణ: అకడమిక్ మొదటి పనిలో గ్రాఫును వివరించేటప్పుడు మొత్తం మీద కనిపించే ధోరణిని ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి. అది స్పష్టంగా లేకపోతే అంకెలన్నీ సరిగ్గా రాసినా ఆ అంశంలో 5 దాటడం కష్టం.

జనరల్ ట్రైనింగ్‌లో మొదటి పని ఉత్తరం. కంపెనీ ఊరికి ఉత్తరాల ఇంగ్లిష్ కొత్త కాదు. సెలవుకీ, క్వార్టర్‌కీ, బదిలీకీ అర్జీలు రాసిన తరాల నుంచి వచ్చిన భాష ఒకటుంది. ‘రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్ దట్’ అని మొదలై ‘కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్’ అని ముగుస్తుంది. దేశమంతటా ఆఫీసుల్లో ఇప్పటికీ చెల్లే భాషే ఇది, దీన్ని వెక్కిరించాల్సిన పనిలేదు. కానీ పరీక్షలో అడిగేది, పక్కింటి స్నేహితుడిని పెళ్ళికి పిలుస్తూ ఒక ఉత్తరం, హోటల్ మేనేజరుకు ఫిర్యాదుగా ఇంకో ఉత్తరం. రెండిటికీ ఒకే అర్జీ స్వరం వాడితే స్వరం తప్పిందని మార్కు తగ్గుతుంది. ప్రశ్నలో మూడు అంశాలు ఇస్తారు. మూడింటికీ జవాబు ఉండాలి. రెండింటిని పొడిగించి మూడోదాన్ని మరిచిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఇక బట్టీ పట్టిన వ్యాసాలు. ‘ఇన్ దిస్ మోడర్న్ ఎరా’ అని మొదలుపెట్టి, ఏ విషయానికైనా అతికే నాలుగు పేరాలు అప్పజెప్పే పద్ధతి చాలా కోచింగ్ సెంటర్లలో ఉంది. బట్టీ భాషను గుర్తించడం పరీక్షకుల శిక్షణలో భాగం. అలాంటి భాగాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలేది తక్కువ. అంతకంటే పెద్ద చిక్కు, ఆ నాలుగు వాక్యాల్లో కనిపించే నేర్పు ఐదో వాక్యంలో మాయమవడం. అతుకు ఎక్కడుందో పరీక్షకుడికి తెలిసిపోతుంది. ఇంగ్లిష్ పత్రికల సంపాదకీయాలు చదవమని ఇంట్లో పెద్దలు చెప్పేది చదవడం వరకు మంచి సలహాయే. ఆ శైలిని అనుకరించబోతే మాత్రం బరువైన మాటలు తప్పు చోట కూర్చుంటాయి.

భాషలో నిజంగా ఉన్న లోటు బయటపడేది వ్యాకరణంలో. ఇక్కడ తెలుగూ హిందీ కలిసి ఒకే వైపు లాగుతాయి. రెండు భాషల్లోనూ ‘ఎ’, ‘ది’ లాంటి ఆర్టికల్స్ లేవు. కాబట్టి మూడు భాషల పిల్లవాడికి వాటి అవసరం ఏ వైపు నుంచీ తట్టదు. ‘నేను 2019లో డిగ్రీ పూర్తిచేశాను’ అన్నదాన్ని ‘ఐ హావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2019’ అని రాస్తారు. ఏడాది చెప్పాక ‘హావ్’ ఉండకూడదు, ‘ఐ కంప్లీటెడ్’ అంటే చాలు. ‘నాకు ఇద్దరు అన్నలున్నారు’ అన్నది ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అవుతుంది. ‘జంషెడ్‌పూర్‌లోనే పుట్టాను’లోని ఆ ‘నే’, హిందీలోని ‘హీ’ కలిసి వాక్యం చివర ‘ఓన్లీ’గా దిగబడతాయి. మనం ‘నిన్న నేను కొన్న పుస్తకం’ అని పేరుకు ముందే వివరణ అంతా చెప్పేస్తాం. ఇంగ్లిష్‌లో అది పుస్తకం తర్వాత వస్తుంది. ఈ తిరగేత అలవాటు కానివారు పొడవు వాక్యాలకు జంకి అన్నీ పొట్టి వాక్యాలే రాస్తారు, లేదా పొడవు వాక్యంలో దారి తప్పుతారు.

6వ బ్యాండ్‌కీ 7వ బ్యాండ్‌కీ మధ్య పెద్ద తేడా ఇదే. 6లో తప్పులుంటాయి, అర్థం మాత్రం చెడదు. 7లో తప్పుల్లేని వాక్యాలు తరచుగా కనిపించాలి. కొత్త పదాలు ఐదు వందలు నేర్చుకోవడం దీనికి మందు కాదు. ఒక్కో మనిషి చేసే తప్పుల రకాలు చూస్తే చాలావరకు ఐదారుకు మించవు. రాసిన పది వ్యాసాల్లో తప్పుల్ని రకాల వారీగా లెక్కపెడితే ఏ రెండు రకాల వల్ల సగం నష్టం జరుగుతోందో తేలుతుంది. వ్యాసాన్ని ఎవరిచేతైనా దిద్దించుకుని, మూడు రోజులాగి, దిద్దిన కాగితం చూడకుండా అదే వ్యాసం మళ్ళీ రాయడం ఇంకో పద్ధతి. రోజుకో కొత్త వ్యాసం రాసేవారు పాత తప్పుల్నే రోజూ సాధన చేస్తుంటారు. దిద్దేవాళ్ళు దొరకడమే అన్నిటికంటే కష్టం. కోచింగ్‌కి డబ్బు పెట్టదలిస్తే పెట్టవలసింది దీనికే. చేరేముందు అడగాల్సిన ప్రశ్న, నెలకు ఎన్ని వ్యాసాలు, ఎవరు, ఎంత వివరంగా దిద్దుతారని.

స్పీకింగ్: యాస కాదు, స్పష్టత

11 నుంచి 14 నిమిషాలు, ఎదురుగా లేదా వీడియోలో ఒక పరీక్షకుడు. ఇక్కడ యాస గురించిన భయం అనవసరం. ఉచ్చారణ కొలిచేటప్పుడు చూసేది మాట శ్రమ లేకుండా అర్థమవుతోందా అని. బ్రిటిష్‌వాళ్ళలా మాట్లాడబోయి ‘ర’లు మింగేస్తే ఉన్న స్పష్టత కూడా పోతుంది.

తెలుగు అజంత భాష. బస్‌ని బస్సు, రోడ్‌ని రోడ్డు, బ్యాంక్‌ని బ్యాంకు చేసుకున్నాం. ఆ చివరి అచ్చు ఇంగ్లిష్‌లోకీ వెంట వస్తే వినేవాడికి మాట ఎక్కడ ఆగిందో తెలియదు. జంషెడ్‌పూర్ పిల్లలకు హిందీ వల్ల ఈ ఇబ్బంది తక్కువ, హిందీలో మాటలు హల్లుతో హాయిగా ఆగుతాయి. కానీ అదే వీధి హిందీ స్కూల్‌ని ‘ఇస్కూల్’ చేస్తుంది. ‘స్కూలు’ అనే తాతగారికి మొదలు సరిగ్గా ఉండి చివర అచ్చు, ‘ఇస్కూల్’ అనే మనవడికి చివర సరిగ్గా ఉండి మొదట అచ్చు! రెండు భాషలకూ ఉమ్మడి చిక్కులూ ఉన్నాయి. ‘వెస్ట్’, ‘వెస్ట్’ అని ఒకేలా పలికే రెండు మాటల్లో ఒకటి పడమర, ఇంకోటి బనీను. పడమరకు పెదవులు గుండ్రంగా చుట్టాలి, బనీనుకు కింది పెదవి పై పళ్ళకు తగలాలి. మన ‘వ’ ఈ రెండిటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఊనిక సంగతీ అంతే. ‘ఫొటోగ్రాఫ్’లో ఒత్తు మొదటి అక్షరం మీద, ‘ఫొటోగ్రఫీ’లో రెండో అక్షరం మీద. మన భాషల్లో ఒత్తు మారితే అర్థం మారదు కాబట్టి దీన్ని పట్టించుకోం. ఇంగ్లిష్ చెవి మాటను గుర్తుపట్టేది చాలావరకు ఆ ఒత్తుతోనే. కొత్త పదం నేర్చుకునేటప్పుడు నిఘంటువులో అర్థంతోపాటు ఒత్తు గుర్తు కూడా చూసుకునే అలవాటు ఒక్కటీ చాలా మేలు చేస్తుంది.

రెండో భాగంలో ఒక కార్డు ఇచ్చి, నిమిషం ఆలోచించుకోనిచ్చి, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. ‘మీరు చూసిన ఒక అందమైన ప్రదేశం’ అనగానే తాజ్ మహల్ గురించి కంఠతా పట్టింది అప్పజెప్పడం రివాజు. దిమ్నా సరస్సుకి స్నేహితులతో వెళ్ళిన ఆదివారం గురించో, జూబిలీ పార్కులో సాయంత్రం దీపాల గురించో మాట్లాడితే మాట తడబడదు, ఎందుకంటే అది చూసింది, తిరిగింది. చెప్పే విషయం గొప్పదా కాదా అన్నదానికి మార్కుల్లేవు. ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు వినడం సిగ్గుగా అనిపించినా, ‘యాక్చువల్లీ’, ‘బేసికల్లీ’ ఎన్నిసార్లు వచ్చాయో, మాట చివర ‘ఎస్’, ‘ఈడీ’ ఎక్కడెక్కడ జారిపోయాయో తెలియడానికి అంతకంటే చవకైన గురువు లేడు.

ఎవరికి ఏ అంకె

లక్ష్యాన్ని బట్టి శ్రమ ఎక్కడ పెట్టాలన్నది మారుతుంది. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లలో 7 చొప్పున, రైటింగ్‌లో 6.5 అడుగుతుంది. రైటింగ్‌కి కూడా 7 అడిగే నిబంధనను 2018 చివర్లో సడలించారు. ఇక్కడ సగటు పెంచుకునే ఉపాయాలు పనికిరావు, ప్రతి గడపా విడిగా దాటాలి. నర్సులకు ఓఈటీ అనే ఇంకో దారి ఉంది. అందులో వ్యాసానికి బదులు రోగి వివరాలు చదివి ఇంకో వైద్యుడికో నర్సుకో ఉత్తరం రాయాలి. స్పీకింగ్‌లో రోగితో మాట్లాడే సన్నివేశాలు ఉంటాయి. వార్డులో ఏళ్ళు పనిచేసి, ‘పర్యావరణంపై మీ అభిప్రాయం’ అంటే చేతులు కట్టేసినట్టయ్యే నర్సుకి ఇది మెరుగు కావచ్చు. ఫీజు మాత్రం ఎక్కువ.

కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పాయింట్లు ఒక్కసారిగా పెరిగే మెట్టు సీఎల్‌బీ 9. దానికి లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలో 7 చొప్పున కావాలి. నాలుగింటిలోనూ 7.5 తెచ్చుకున్నవాడు లిజనింగ్ వల్ల ఆ మెట్టు ఎక్కలేడు. లిజనింగ్‌లో 8, మిగతావి 7 చొప్పున తెచ్చుకున్నవాడు సగటులో తక్కువైనా ఎక్కుతాడు. ఇలాంటివి దరఖాస్తు పెట్టే చోటి నిబంధనలోనే స్పష్టంగా ఉంటాయి. చదువు మొదలుపెట్టేముందే అది చూసుకోవాలి.

పీటీఈ, టోఫెల్, డుయోలింగో లాంటి వేరే పరీక్షలకు మారితే తేలికవుతుందా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉండేదే. పీటీఈలో ప్రధానంగా కంప్యూటరే మార్కులు వేస్తుంది. మనిషి ఎదుట బెదిరేవారికి అది నయం, టైపింగ్ నెమ్మదిగా ఉన్నవారికి ఇబ్బంది. టోఫెల్ 2026 జనవరి నుంచి 1 నుంచి 6 వరకు ఉండే కొత్త కొలమానానికి మారింది కాబట్టి పాత పుస్తకాలతో చదివేవారు జాగ్రత్తపడాలి. పరీక్ష మారితే మొదటి కుప్ప తప్పులు తగ్గవచ్చు. రెండో కుప్ప ఏ పరీక్షలోనైనా వెంట వస్తుంది.

అడ్డదారుల గురించి ఒక మాట. 2022లో అమెరికా, కెనడా సరిహద్దు నదిలో మునిగిపోతున్న పడవ నుంచి బయటపడిన గుజరాతీ యువకులు కోర్టులో ఇంగ్లిష్ ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోయారు. వాళ్ళ ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు 6.5, 7. మెహ్‌సాణా పోలీసులు ఆ స్కోర్లు ఎలా వచ్చాయని దర్యాప్తు చేయాల్సి వచ్చింది. ‘పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్’ అని సందేశాలు పంపేవారికి కట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. విశ్వవిద్యాలయాలు స్కోరును నేరుగా ఆన్‌లైన్‌లో సరిచూసుకుంటాయి కాబట్టి దొంగ కాగితం మొదటి మెట్టు దగ్గరే దొరికిపోతుంది.

ఫలితం వచ్చాక

ఒక విభాగంలో మాత్రమే అర బ్యాండ్ తగ్గినప్పుడు మొత్తం పరీక్ష మళ్ళీ రాయడానికి ముందు రెండు దారులు చూడాలి. మొదటిది పునఃపరిశీలన. పరీక్ష జరిగిన ఆరు వారాల్లోపు కోరవచ్చు, స్కోరు మారితే కట్టిన ఫీజు వెనక్కి ఇస్తారు. లిజనింగ్, రీడింగ్ జవాబులు లెక్కపెట్టేవి కాబట్టి అక్కడ మార్పు రావడం అరుదు. మనిషి మార్కు వేసే రైటింగ్, స్పీకింగ్‌లలోనే ఆశ పెట్టుకోవచ్చు. అదీ మాక్ పరీక్షల్లో ఎప్పుడూ 6.5 వస్తూ అసలు పరీక్షలో 5.5 వచ్చినవారికి, ఎప్పుడూ 5.5 దగ్గరే ఉన్నవారికి కాదు.

రెండోది, ఒక్క విభాగాన్నే తిరిగి రాసే సౌకర్యం. కంప్యూటర్ మీద పరీక్ష రాసినవారికి 60 రోజుల్లోపు ఇది దొరుకుతుంది, ఒకే విభాగానికి, ఒకేసారి. అన్ని సంస్థలూ దీన్ని ఒప్పుకోవు కాబట్టి డబ్బు కట్టేముందే దరఖాస్తు పెట్టే విశ్వవిద్యాలయానికి ఈమెయిల్ రాసి జవాబు తెప్పించుకోవాలి. ఆ 60 రోజుల్లో రోజుకు రెండు గంటలు కూర్చున్నా అయ్యేది 120 గంటలు. మొదటి కుప్ప తప్పులు సరిచేసుకోవడానికి అది కావలసినదానికంటే ఎక్కువ. లోటు భాషలోనే ఉంటే సరిపోదు. అలాంటివారు నాలుగైదు నెలలు ఆగి పూర్తి పరీక్షే మళ్ళీ రాయడం మంచిది.

స్కోరు చెల్లేది రెండేళ్ళు. కోర్సు సెప్టెంబరులో మొదలైతే, దరఖాస్తు, వీసా పనులకు పోను, చివరి ప్రయత్నం అంతకు ముందు చలికాలంలోనే అయిపోయేలా చూసుకోవాలి. అందులోంచి 200 గంటలు వెనక్కి లెక్కేస్తే చదువు మొదలుపెట్టాల్సింది ఆగస్టులో, అంటే కోర్సు మొదలవడానికి ఏడాది ముందు.